గ్యాలరీలో కూర్చున్న నాన్న

పోయిన వేసవిలో ఒక ఆదివారం మా అమ్మాయి తన మొదటి టోర్నమెంట్ ఆడింది. అండర్-11 బ్యాడ్మింటన్. ఊరి చివర ఒక రేకుల షెడ్డు, లోపల నాలుగు కోర్టులు, గోడవారగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లిదండ్రులం. నా చేతిలో ఫోన్, వీడియో నడుస్తోంది. పాయింట్ పోయిన ప్రతిసారీ ఆ పిల్ల కింద పడ్డ షటిల్ వైపు కాదు, నా వైపు చూస్తోంది. నేను నవ్వుతున్నాననే అనుకున్నాను. తర్వాత వీడియోలో నా గొంతు విన్నాను. ఆస్పత్రి వరండాలో రోగి బంధువులతో అన్నట్టు "పర్లేదు, పర్లేదు" అంటున్నాను. అపార్ట్‌మెంట్ కింద ఆడేటప్పుడు కబుర్లు చెప్తూ కూడా అలవోకగా వేసేసే సర్వీసు వరసగా మూడుసార్లు నెట్‌కి కొట్టింది. ఇదంతా నా వల్లే అనిపించింది. లేచి బయటికెళ్ళి టీ తాగొచ్చాను. వచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది. ఓడిపోయింది.

కార్లో చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇల్లు దగ్గర పడుతుండగా అడిగింది.

"నాన్నా, నువ్వెందుకు వెళ్ళిపోయావ్?"

"నేనుంటే టెన్షన్ పడుతున్నావని, తల్లీ."

"నువ్వెళ్ళాకే ఎక్కువ టెన్షనయింది. కోపమొచ్చి వెళ్ళిపోయావనుకున్నా."

ఉంటే ఒక భయం, లేకపోతే ఇంకో భయం. ఆ ముడి నాకు విడలేదు. కోడ్ రాసే ఉద్యోగం కాబట్టి, ఏదైనా సమస్య వస్తే ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా అని వెతకడం అలవాటు. అలా ఆటల మీద వచ్చిన కొన్ని సినిమాలు మళ్ళీ చూశాను, కొన్ని పుస్తకాలు మళ్ళీ చదివాను. ఈసారి ఆటగాళ్ళని కాకుండా, వాళ్ళని చూస్తున్నవాళ్ళని చూస్తూ. ఈ వ్యాసం ఆ గ్యాలరీల గురించి.

*

ముందు కాస్త సైన్సు. ఎక్కువ లేదు.

1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ పరిశోధకుడు నలభైమంది పిల్లల చేత చేపల గాలపు చక్రం లాంటిది తిప్పించాడు. ఒంటరిగా ఒకసారి, పక్కన ఇంకో పిల్లాడు తిప్పుతుండగా ఇంకోసారి. పక్కన మనిషి ఉంటే వేగం పెరుగుతుందని ఈ ప్రయోగం గురించి అందరూ చెప్తారు. నిజానికి అలా పెరిగింది సగంమందికే. పదిమందికి పెద్ద తేడా రాలేదు. మిగిలిన పదిమంది చేతులు బిగుసుకుపోయి వెనకబడ్డారు. ఆ పదిమందినీ చాలామంది మర్చిపోయారు.

వాళ్ళని అర్థం చేసుకోడానికి ఒక దారి 1965లో రాబర్ట్ జాయన్స్ చూపించాడు. ఎవరైనా చూస్తుంటే మన ఒంట్లో ఉద్రేకం పెరుగుతుంది. ఆ ఉద్రేకంలో మనకి ఏది బాగా అలవాటైతే అదే ముందుకొస్తుంది. పని ఒంటికి పట్టినవాడికి ఆ అలవాటు సరైనదే కాబట్టి ఇంకా బాగా చేస్తాడు. ఇంకా నేర్చుకుంటున్నవాడికి అలవాటులో తప్పులే ఎక్కువ కాబట్టి తప్పులే బయటికొస్తాయి. నాలుగేళ్ళ తర్వాత ఆయనా, ఆయన సహచరులూ దీన్ని బొద్దింకల మీద పరీక్షించారు. నేరుగా పరిగెత్తే దారిలో, పారదర్శకమైన గోడల అవతల ఇతర బొద్దింకలు ఉంటే, ఇవతల బొద్దింక వేగంగా పరిగెత్తింది. మలుపున్న దారిలో మాత్రం ఆలస్యం చేసింది. బొద్దింకకి కూడా గ్యాలరీ ఉందన్నమాట! 1982లో ఇంకొకరు పూల్ ఆడే చోట ఇదే చూశారు. పక్కనే నలుగురు నిలబడి చూస్తే, బాగా ఆడేవాళ్ళ గురి నూటికి 71 నుంచి 80కి పెరిగింది. అంతంతమాత్రం ఆడేవాళ్ళది 36 నుంచి 25కి పడిపోయింది.

నాకు దీనికి ప్రయోగాలు అక్కర్లేదు. స్క్రీన్ షేర్ చేసి, పదిమంది చూస్తుండగా టైప్ చేస్తే నా ఇంటిపేరు స్పెల్లింగ్ కూడా తప్పు పోతుంది.

కానీ ఇక్కడొక విషయం ఆటల సినిమాల గుట్టు విప్పుతుంది. ఆ సినిమాల్లో నేర్చుకోవడం అంతా ఒక పాటలో అయిపోతుంది. మూడు నిమిషాలు. తెల్లారి పరుగు, చెమట, పడటం, లేవడం. ఆ పాట అయ్యాకే స్టేడియం వస్తుంది, జనం వస్తారు. అంటే సినిమాలో జనం ఎప్పుడూ నేర్చుకోవడం పూర్తయినవాడిముందే కూర్చుంటారు. అందుకే వాళ్ళ కేకలు అతనికి బలమవుతాయి. బయట పిల్లలకి ఆ సౌకర్యం లేదు. వాళ్ళ పాట ఇంకా మొదటి చరణంలో ఉండగానే కుర్చీలు నిండిపోతాయి.

*

'దంగల్' (2016, దర్శకుడు నితేశ్ తివారీ) మొదటిసారి థియేటర్లో చూసినప్పుడు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఈసారి లాప్‌టాప్ ముందు ఒక్కణ్ణే కూర్చుని చూస్తే వేరే సినిమాలా ఉంది.

మొదట గమనించింది, కథ చెప్తున్నదెవరూ అని. గీత కాదు, బబిత కాదు. వాళ్ళ పెదనాన్న కొడుకో చిన్నాన్న కొడుకో అయిన ఓంకార్. అంటే ఈ కథ మనకి చేరేదే ఒక ప్రేక్షకుడి నోటినుంచి. ఇద్దరు ఆడపిల్లలు ఇష్టం లేకుండా కుస్తీలోకి లాగబడ్డారు, జుట్టు కత్తిరించబడింది, ఊరంతా నవ్వింది. అది లోపలినుంచి ఎలా ఉంటుందో సినిమా ఎక్కడా ఆగి అడగదు. వాళ్ళ మొర ఒక పాటలో వస్తుంది. తండ్రి మా ఆరోగ్యానికి హానికరం అని పిల్లలు మొత్తుకునే పాట. దాన్ని కూడా మనం నవ్వుకోడానికే వాడుకున్నాం.

గీత మొదటి దంగల్ గుర్తుందా? ఆడపిల్లతో కుస్తీ ఏమిటని నిర్వాహకుడు ముందు ఒప్పుకోడు. ఆడపిల్ల కుస్తీ పడుతుందంటే జనం విరగబడి వస్తారని పక్కనున్నవాడు చెప్తేనే ఒప్పుకుంటాడు. ఆ పిల్ల బరిలోకి దిగింది తమాషాగా. ప్రత్యర్థిని ఎంచుకోమంటే ఉన్నవాళ్ళలో బలమైనవాణ్ణి ఎంచుకుంటుంది. ఓడిపోతుంది, కానీ జనం కళ్ళలో తమాషా మర్యాదగా మారుతుంది. ఆ మార్పుని సినిమా చాలా బాగా చూపించింది. అయితే కెమెరా ఆ మార్పుని చూసేది తండ్రి ముఖంలో. గీత ముఖంలో కాదు.

ఇక చివరి అరగంట. ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు, 2010. మ్యాట్ పక్కన కోచ్ ఒకటి చెప్తాడు, గ్యాలరీలోంచి తండ్రి ఇంకోటి అరుస్తాడు. గీత తండ్రి మాట వింటుంది, గెలుస్తుంది. ఫైనల్ ముందు కోచ్ పన్నాగం వల్ల తండ్రిని ఒక గదిలో పెట్టి తాళం వేస్తారు. ఇది కల్పన. అసలు ఫైనల్ అంత ఉత్కంఠగా జరగలేదు, గీత దాదాపు ఏకపక్షంగా గెలిచింది. ఎవరినీ గదిలో బంధించలేదు. ఆ కల్పన విలన్ కోసం పెట్టిందని అప్పట్లో చాలామంది అన్నారు, విమర్శించారు. నాకు ఇప్పుడు వేరేలా అనిపిస్తోంది. రచయితలకి తెలిసో తెలియకో ఆ కథకి అది తప్పనిసరి అయింది. తండ్రి గ్యాలరీలో ఉన్నంతసేపూ మ్యాట్ మీద కుస్తీ పడుతున్నది తండ్రే. కూతురు గెలవాలంటే ఆయన్ని అక్కణ్ణించి లేపాలి. లేచి వెళ్ళే మనిషి కాదు కాబట్టి తాళం వెయ్యాలి.

చివరి క్షణాల్లో గీత గ్యాలరీ వైపు చూస్తుంది. కుర్చీ ఖాళీ. మా అమ్మాయి కూడా సరిగ్గా అలాగే చూసి ఉంటుంది. సినిమాలో ఆ ఖాళీలోంచి గీతకి చిన్నప్పటి జ్ఞాపకం వస్తుంది. నీళ్ళలో మునుగుతున్నప్పుడు తండ్రి చెప్పిన మాట: ప్రతిసారీ కాపాడ్డానికి నేను రాను, నువ్వే పోరాడాలి. ఆ మాటతో గెలుస్తుంది. కొంచెం ఆలోచిస్తే ఇది ఒక చక్కటి మోసం. తండ్రిని గ్యాలరీలోంచి తీసేసి ఆమె తలలో కూర్చోబెట్టారు. అంతటితో ఆగలేదు. జాతీయగీతం గోడలు దాటుకుని ఆ గదిలోకి వెళ్తుంది, ఆయన లేచి నిలబడతాడు. బంగారు పతకం క్షణంలో కెమెరా ఎవరి దగ్గరుందో చూడండి. గదిలో ఉన్న నాన్న దగ్గర. సినిమా నాన్నని బయటికి పంపించింది కానీ, ఆయన లేకుండా ఉండలేకపోయింది.

*

గ్యాలరీలో కుర్చీ ఖాళీ అయితే భయం పోతుందా అన్న ప్రశ్నకి నేను చదివినవాటిలో నిజాయితీగా జవాబు చెప్పింది ఆండ్రీ అగస్సీ ఆత్మకథ 'ఓపెన్' (2009). ఇది జె.ఆర్. మోరింగర్ సాయంతో రాసిన పుస్తకం. టెన్నిస్ తెలియకపోయినా చదవొచ్చు. అసలు టెన్నిస్ అంటే తనకి అసహ్యమని ఆయనే మొదట్లోనే చెప్పేస్తాడు.

తండ్రి మైక్ అగస్సీ ఇరాన్ తరఫున 1948, 1952 ఒలింపిక్స్‌లో బాక్సింగ్ చేసినవాడు. లాస్ వేగస్‌లో ఇంటి వెనక కోర్టు కట్టి, బంతులు విసిరే యంత్రాన్ని మార్చి, ఏడేళ్ళ కొడుకు మీద గురిపెట్టాడు. ఆ యంత్రానికి పిల్లాడు పెట్టుకున్న పేరు డ్రాగన్. రోజుకి 2,500 బంతులు కొడితే ఏడాదికి దాదాపు పది లక్షలు, ఏడాదికి పది లక్షల బంతులు కొట్టినవాణ్ణి ఎవరూ ఓడించలేరు. అదీ తండ్రి లెక్క. తొమ్మిదేళ్ళప్పుడు జిమ్ బ్రౌన్ అనే పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడితో పందెం కాసి కొడుకుని ఆడించాడు. తండ్రి ముందు ఇంటినే పందెం పెడతానన్నాడు. చివరికి ఐదు వందల డాలర్ల దగ్గర తేలింది. పిల్లాడు గెలిచాడు. జాయన్స్ లెక్క ప్రకారం చూస్తే ఇదంతా సరైనదే. ఏడాదికి పది లక్షల బంతులు కొడితే ఆట ఒంటికి పట్టేస్తుంది, ఇక ఎంతమంది చూసినా మంచిదే.

కానీ పుస్తకం ఆ లెక్కని తలకిందులు చేస్తుంది. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్. అగస్సీకి ఇరవయ్యేళ్ళు. ఆ పొడుగు జుట్టు, ఆ స్టైల్ ప్రపంచమంతా పోస్టర్లెక్కాయి. అది విగ్గని తెలిసినవాళ్ళు అతి కొద్దిమంది. ముందు రోజు రాత్రి స్నానం చేస్తుంటే ఆ విగ్గు ఊడిపోవడం మొదలెట్టింది. అన్నయ్య సాయంతో పిన్నులు పెట్టి నిలబెట్టాడు. ఫైనల్ ముందు దేవుణ్ణి కోరుకున్నది గెలిపించమని కాదు, విగ్గు ఊడకుండా చూడమని. ప్రతి పరుగుకీ, ప్రతి దూకుకీ అది కిందపడ్డట్టు, టీవీల ముందు కూర్చున్న లక్షలమంది ముందుకి వంగి చూస్తున్నట్టు ఊహించుకుంటూ ఆడాడు. ఆంద్రెస్ గోమెజ్ చేతిలో ఓడిపోయాడు.

ప్రేక్షకుల భయం గురించి నేను చదివిన పేజీల్లో ఇంతకన్నా గొప్పవి లేవు. నవ్వొస్తుంది, నవ్వాక సిగ్గేస్తుంది. అక్కడ అతని చేతికి టెన్నిస్ రాక కాదు. బుర్రలో సగం కోర్టులో ఉంది, సగం గ్యాలరీలో కూర్చుని తనని తాను చూసుకుంటోంది. చూసేవాళ్ళు ఎదురుగా ఉండక్కర్లేదని అప్పుడర్థమైంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్టాండ్స్ దాదాపు ఖాళీ. అయినా ప్రపంచం బరువంతా తన భుజాల మీద ఉన్నట్టుందని సిమోన్ బైల్స్ రాసుకుంది, ఆ తర్వాత టీమ్ ఫైనల్ మధ్యలోంచి తప్పుకుంది. రియో ఒలింపిక్స్‌కి ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేకుండా చేశానని 2016లో గోపీచంద్ చెప్పినప్పుడు మనలో కొందరం మరీ ఇంత కఠినమా అనుకున్నాం. ఇప్పుడు చూస్తే, జేబులో పెట్టుకు తిరిగే గ్యాలరీని ఆయన లాక్కున్నాడంతే.

1992లో అగస్సీ వింబుల్డన్ గెలుస్తాడు. ఐదు సెట్ల ఫైనల్, మొదటి గ్రాండ్ స్లామ్. తండ్రికి ఫోన్ చేస్తాడు. అవతలినుంచి వచ్చిన మొదటి మాట, నాలుగో సెట్ ఎందుకు పోగొట్టుకున్నావని. ఫోన్లో కొంతసేపు నిశ్శబ్దం. తర్వాత తెలుస్తుంది, తండ్రి ఏడుస్తున్నాడని. పుస్తకం గొప్పదనం ఇక్కడుంది. ఆ తండ్రిని రాక్షసుడిగా వదిలెయ్యదు, దేవుడిగా గోడకెక్కించదు. 'దంగల్'లో చివర్లో వచ్చే "శభాష్"కీ ఈ ఫోన్ కాల్‌కీ మధ్య ఉన్న దూరమే సినిమాకీ సాహిత్యానికీ మధ్య దూరం అనను. మంచి సినిమాలూ ఉన్నాయి. కానీ పిల్లలు ఎదురుచూసే ఆ ఒక్క మాట చాలా ఇళ్ళలో రాదు. వచ్చేది నాలుగో సెట్ మాటే. ఆ సంగతి రాసినవాళ్ళు తక్కువ.

*

ఇక ఎదురు తిరిగినవాడు. అలన్ సిలిటో పెద్ద కథ 'ద లోన్లీనెస్ ఆఫ్ ద లాంగ్-డిస్టెన్స్ రన్నర్' (1959). దొంగతనం చేసి దొరికిన స్మిత్ అనే కార్మికవాడ కుర్రాడు, బాల నేరస్థుల సంస్థలో ఉంటాడు. బాగా పరిగెత్తగలడు. సంస్థ గవర్నర్‌కి అతని మీద ఆశ. రాష్ట్రాలూ జిల్లాలూ దాటి పేరొచ్చే పెద్ద కప్పు తమకి తెచ్చిపెడతాడని. అందుకని తెల్లవారుజామున ఒంటరిగా ప్రాక్టీసుకి వదులుతాడు.

ఆ తెల్లవారుజాము పరుగుల పేజీలు అద్భుతం. మంచు, ఎవరూ లేని పొలాలు, కాళ్ళ చప్పుడు. లోకంలో తానొక్కడే మిగిలినట్టు. పైన చెప్పుకున్న ఏ కథలోనూ ఆట ఇంత ఆనందంగా లేదు. ఎందుకంటే ఇక్కడ మాత్రమే ఎవరూ చూడటం లేదు.

తర్వాత పోటీ రోజు వస్తుంది. పెద్దమనుషులు, స్టాండ్, కేకలు. స్మిత్ అందరికన్నా ముందున్నాడు. గీత కనిపిస్తోంది. ఆగిపోతాడు. గవర్నర్ చూస్తుండగా, జనం అరుస్తుండగా, వెనకొచ్చేవాడు దాటి వెళ్ళేదాకా నిలబడతాడు. గవర్నర్ గెలుపు తన కాళ్ళతో గెలవనని.

ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఈ కథ చదివినప్పుడు నా రక్తం మరిగింది. ర్యాంకుల కోసమే కార్పొరేట్ కాలేజీల్లో పరిగెత్తి వచ్చిన మాకు స్మిత్ హీరో. ఇప్పుడు చదివితే ఒక అనుమానం. స్మిత్ ఆగింది ఎవరికోసం? గవర్నర్ చూడాలనే కదా! ఎవరూ చూడకపోతే ఆ ఆగడానికి అర్థమే లేదు. గెలిచినా గవర్నర్ కోసమే, ఓడినా గవర్నర్ కోసమే. తెల్లవారుజామున పరిగెత్తినవాడు అక్కడ లేడు. ఇది కథ లోపం కాదు. సిలిటోకి ఇది తెలుసనే నా నమ్మకం. చూపుని ధిక్కరించడం కూడా చూపుకి లొంగడమే. నేను లేచి టీ తాగడానికి వెళ్ళడం కూడా అలాంటిదే కావచ్చు. అక్కడ లేనని చూపించడం.

*

చివరికి మన సినిమా. 'జెర్సీ' (2019, దర్శకుడు గౌతమ్ తిన్ననూరి). చూడనివాళ్ళు ఈ భాగం దాటేసి, సినిమా చూసి రండి. ముగింపు చెప్పకుండా రాయలేను.

'జెర్సీ' చేసిన అసలైన పని గ్యాలరీని తిప్పి పెట్టడం. ఆడేది నాన్న, చూసేది కొడుకు. ముప్ఫై ఆరేళ్ళ అర్జున్ క్రికెట్ ఎప్పుడో వదిలేశాడు, ఉద్యోగం లేదు. కొడుకు అడిగిన జెర్సీ కొనడానికి ఐదు వందలు లేవు. ఆ డబ్బు కోసం ఒప్పుకున్న ఛారిటీ మ్యాచ్‌లో కొడుకు స్టాండ్‌లో కూర్చుని చప్పట్లు కొడతాడు. అంతే, మనిషి మళ్ళీ మైదానంలోకి వస్తాడు. లోకమంతా తనని బేరీజు వేసింది, కొడుకొక్కడే వెయ్యలేదు, వాడి కళ్ళలో పడిపోకూడదు. అర్జున్ చెప్పుకునే కారణం అదే.

రైల్వే స్టేషన్ సీన్ గురించి చెప్పనివాళ్ళు లేరు. టీమ్‌లో చోటు దొరికిందని తెలిశాక ప్లాట్‌ఫామ్ మీదకి పరిగెత్తి, రైలు వెళ్తుండగా ఆ చప్పుడులో గొంతు చించుకుని అరుస్తాడు. చిరకాలం దాచుకున్న సంతోషం. ఎవరికీ వినపడకూడదు, ఎవరూ చూడకూడదు. సిలిటో తెల్లవారుజాము, గౌతమ్ తిన్ననూరి రైలు చప్పుడు ఒకటే. తెలుగు సినిమాలో జనం మధ్య ఇంత ఏకాంతం నేను ఎక్కువ చూడలేదు. ఆ సీన్ తీసినందుకు ఆ దర్శకుడికి ఎన్ని తప్పులైనా మాఫీ.

అయినా ఒక తప్పు చెప్పాలి. బేరీజు వెయ్యని చూపు తేలికగా ఉంటుందని సినిమా నమ్మింది. కథ వేరే మాట చెప్తోంది. గుండె జబ్బుందని తెలిసీ, ఆడితే ప్రాణానికి ప్రమాదమని తెలిసీ, భార్యకి కూడా చెప్పకుండా ఆడి చనిపోయాడు అర్జున్. ఆ మైదానంలోకి అతన్ని తీసుకొచ్చింది ఆ చిన్న చూపే. వాడు ఏమీ అడగలేదు, నిజమే. ఒక్క జెర్సీ తప్ప. కానీ అడగని చూపుకి ఇంత ఇవ్వాలన్న లెక్కేమీ ఉండదు కాబట్టి ఎంత ఇచ్చినా సరిపోదు. అగస్సీ తండ్రికి కనీసం నాలుగో సెట్ గెలిస్తే చాలు. ఈ కొడుకుకి ఏం చేస్తే చాలో అర్జున్‌కి ఎప్పటికీ తెలియదు. సినిమా దాన్ని త్యాగం అంది. నాకది భయంలా కనిపించింది, చాలా ప్రేమగల భయం.

పైగా ఒక్క ప్రేక్షకుడు చాలని రెండున్నర గంటలు చెప్పిన సినిమా, చివర్లో ఒక సన్మాన సభ పెట్టి హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి, అతను ఇండియా టీమ్‌కి ఎంపికయ్యాడని ప్రకటించి, చప్పట్లు కొట్టించింది. కొడుకు చేతికి జెర్సీ అందడం కదిలించింది, కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆ హాలు లేకపోయినా అర్జున్ గెలిచినవాడే కదా. గ్యాలరీ లేకుండా గెలుపుని నమ్మడానికి మన సినిమాకి ఇంకా ధైర్యం చాలలేదు.

*

మరి ముడి విడిందా? సగం.

ఈ నాలుగు కథల్లోనూ పిల్లల పక్కన ఉండగలిగే ప్రేక్షకుడు ఒక్కడే కనిపించాడు. 'ఓపెన్'లో గిల్ రేయెస్. అగస్సీకి ఒంటి కసరత్తు నేర్పేవాడు. టెన్నిస్ నేర్పడు. బాక్స్‌లో కూర్చుంటాడు, ఓడినా గెలిచినా అదే మనిషిగా ఉంటాడు. తన కొడుకు పేరులో ఆయన పేరు కలుపుకున్నాడు అగస్సీ. కథలో అతని వల్ల మలుపులేమీ రావు. అందుకే కాబోలు సినిమాల్లో ఇలాంటివాళ్ళుండరు. మలుపు తేని మనిషికి కథలో పనేముంటుంది?

అమెరికాలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే ఇద్దరు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లకి ఒక చిన్న శిక్షణ ఇచ్చి చూశారు. తప్పు చేసినప్పుడు ధైర్యం చెప్పడం, ప్రయత్నాన్ని మెచ్చుకోవడం, తిట్టకపోవడం. అంతే. 1992లో వచ్చిన వాళ్ళ అధ్యయనంలో, శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో నూటికి 26 మంది మరుసటి ఏడాది ఆట మానేశారు. శిక్షణ పొందినవాళ్ళ దగ్గర మానేసింది ఐదుగురు. విశేషమేమిటంటే గెలుపోటముల్లో రెండు గుంపులకీ తేడా లేదు. ఆ చూపు వాళ్ళని గెలిపించలేదు, ఆటలో ఉండనిచ్చింది.

'ఓపెన్' చివరి పేజీల్లో రిటైరైన అగస్సీ భార్య స్టెఫీతో ఒక మామూలు పబ్లిక్ కోర్టులో ఆడుతుంటాడు. టెన్నిస్ అంటే అసహ్యమన్న మనిషి, ఇంకాసేపు ఆడదాం అంటాడు. స్టాండ్స్ లేవు, స్కోరు లేదు. ఉన్న ఒక్క మనిషి నెట్ అవతల బంతి తిరిగి కొడుతోంది. చూస్తున్న మనిషీ ఆడుతున్న మనిషీ ఒకరే అయితే భయం ఉండదేమో.

పోయిన నెల మా అమ్మాయి రెండో టోర్నమెంట్. బయల్దేరేముందు అడిగాను, నేను లోపల కూర్చోనా, బయట ఉండనా అని. షూ లేసు కట్టుకుంటూ తలెత్తకుండా చెప్పింది.

"కూర్చో నాన్నా. వీడియో మాత్రం తియ్యకు. ఇంకా... పర్లేదు పర్లేదు అనకు."

కూర్చున్నాను. ఫోన్ జేబులో. పాయింట్ పోయినప్పుడు రెండు మూడుసార్లు నా వైపు చూసింది. ఏ ముఖం పెట్టాలో నాకు తెలియలేదు. అవతల కోర్టులో ఎవరో పిల్ల మంచి డ్రాప్ షాట్ వేస్తే దానికి చప్పట్లు కొట్టాను. మా అమ్మాయి అటు తిరిగి చూసింది, మళ్ళీ తన సర్వీసుకి వెళ్ళింది. సర్వీసు నెట్ దాటింది.

ఆ రోజూ ఓడిపోయింది. కార్లో మాత్రం మాట్లాడుతూనే ఉంది. సాయంత్రం రాకెట్లు తీసుకుని కిందికి వెళ్ళాం. నాకు బ్యాడ్మింటన్ రాదు. బాగా నవ్వింది.